సొరంగం వచ్చిందని కట్ చేయకండి: మా ఇంటి పాత రైలు వీడియోల కథ

ఈ ఎపిసోడ్ గురజాలలో మా ఇంట్లోనే కూర్చుని రికార్డు చేస్తున్నాను. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. ఆపితే మాత్రం నేను ఉండలేను, పక్కనే రెంటచింతల, ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

నా చేతిలో ఉన్నది చూడండి. మన పాత ఆడియో క్యాసెట్టు కంటే కొంచెం చిన్నగా, కొంచెం లావుగా ఉంది కదా? దీన్ని హై-ఎయిట్ క్యాసెట్టు అంటారు. ఇందులో 1999 వేసవి సెలవుల్లో మా వాళ్ళు గురజాల నుంచి అరకు దాకా రైళ్ళలో వెళ్ళిన వీడియో ఉంది. నేను అందులో లేను. నేను పుట్టింది 2001లో. మా తాతయ్య 2000లో పోయారు. అంటే ఆయన గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఆయన ఫోటోలు మూడు ఉన్నాయి, పెన్షన్ కాగితం మీద సంతకం ఉంది. గొంతు లేదు. ఉంటే గింటే ఈ క్యాసెట్టులోనే ఉండాలి.

"ఉంటే గింటే" అని ఎందుకంటున్నానంటే, ఈ వీడియోని మేము 2009లోనే డీవీడీ చేయించాం. దాంట్లో తాతయ్య మాట ఒక్కటీ లేదు. ఎందుకు లేదో చెప్తాను, అక్కడే అసలు విషయం ఉంది.

ముందు ఈ వీడియో ఎలా వచ్చిందో చెప్పాలి. 1999లో మా ఊళ్ళో సొంత వీడియో కెమెరా అంటే పెళ్ళిళ్ళ స్టూడియో వాళ్ళ దగ్గరే. మా బాబాయ్ అప్పటికి రెండేళ్ళ ముందు అమెరికా వెళ్ళాడు. వైటూకే టైము, మన వాళ్ళు ప్రోగ్రామర్లుగా తెగ వెళ్ళిన రోజులు. సెలవుకి వస్తూ న్యూజెర్సీలో కొన్న హ్యాండీక్యామ్ పట్టుకొచ్చాడు. ఇక ఇంటిల్లిపాదీ కలిసి అరకు ప్రయాణం. పొద్దున్నే గురజాలలో మాచర్ల నుంచి వచ్చే ప్యాసింజర్ ఎక్కి, నడికుడి మీదుగా గుంటూరు. రాత్రి బండికి విశాఖపట్నం. తెల్లారి కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు.

వెళ్ళేటప్పుడు బాబాయ్ కెమెరా తీసుకెళ్ళిపోయాడు, క్యాసెట్లు రెండు నాయనమ్మకి ఇచ్చి వెళ్ళాడు. ఆమె వాటిని బిస్కెట్ డబ్బాలో పెట్టి, బీరువాలో చీరల మధ్య, కలరా ఉండలు వేసి దాచింది. కెమెరా లేకుండా ఆ క్యాసెట్లు ఎవరూ చూడలేరు. మామూలు వీసీఆర్‌లో ఈ సైజు పట్టదు. పదేళ్ళు అలాగే ఉన్నాయి.

2009లో నాన్న ఒక షాపులో ఇచ్చి డీవీడీ చేయించారు. ఏ ఊరు, ఏ షాపు అనేది వద్దు లెండి. వాళ్ళు కావాలని చేసిందేమీ కాదు, అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్ళు. నూట పది నిమిషాల క్యాసెట్టు యాభై రెండు నిమిషాల డీవీడీ అయి వచ్చింది. కెమెరా ఊగిన చోటల్లా తీసేశారు. సొరంగాల్లో స్క్రీన్ నల్లగా ఉంటుంది కాబట్టి, "ఖాళీ" అనుకుని అవీ తీసేశారు. మిగిలిన దాని మీద మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేసేశారు. మా ఇంట్లో అందరూ అప్పుడు సంతోషపడ్డారు కూడా, నిజం చెప్పాలి కదా. ఏళ్ళ తరబడి మేము అదే చూశాం. తాతయ్య నోరు కదులుతూ ఉంటుంది, వెనకాల డ్యూయెట్ వస్తూ ఉంటుంది.

(ఇక్కడ డీవీడీ క్లిప్ పది సెకన్లు, సౌండ్ లేకుండా)

చూశారా. ఏం చెప్తున్నారో తెలీదు.

మా అక్కకి అప్పుడు ఐదేళ్ళు. ఆమె ఒకటే మాట అంటుంది. "సొరంగాల్లో నేను ఏడుస్తుంటే తాతయ్య లెక్కపెట్టించారు రా." అరకు దారి తెలుసు కదా, కొత్తవలస దాటి, బొడ్డవర, శివలింగపురం మీదుగా ఘాట్ ఎక్కుతుంది బండి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగుడ, తర్వాత అరకు. దారిలో 58 సొరంగాలు ఉన్నాయని చెప్తారు. అక్క చెప్పింది నిజమైతే, ఆ సొరంగాలన్నీ డీవీడీలో లేవు కానీ క్యాసెట్టులో ఉండాలి. బొమ్మ నల్లగా ఉంటుంది. మైకు మాత్రం ఆగదు కదా.

పోయిన సంక్రాంతికి బాబాయ్ వచ్చినప్పుడు ఆ పాత కెమెరా తెమ్మన్నాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జర్ పెడితే ఆన్ అయింది. ఇక్కడ మీకొక జాగ్రత్త. ఇలాంటి పాత మెషీన్ దొరికితే మీకు కావలసిన క్యాసెట్టుని మాత్రం మొదట పెట్టకండి. లోపల రబ్బరు రోలర్లు గట్టిపడి ఉంటాయి, టేపు నమిలేస్తాయి. పనికిరాని క్యాసెట్టు ఒకటి పెట్టి అరగంట ఆడించి చూడండి. క్యాసెట్టు మీద రికార్డు కాకుండా ఆపే చిన్న మీట ఉంటుంది, అది జరపండి. పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే 1999 పోయి మీ గది సీలింగ్ రికార్డు అవుతుంది. తర్వాత టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి ఒకే చోట బిగిసి ఉంటుంది కాబట్టి వదులవుతుంది.

మెషీన్ల సంగతికొస్తే, వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేసిన చివరి పెద్ద కంపెనీ జపాన్ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ సెకండ్ హ్యాండే. అందుకే టేపు బాగుందా లేదా అనే ప్రశ్న కంటే, దాన్ని ఆడించే మెషీన్ ఇంకెన్నాళ్ళు ఉంటుంది అనేది పెద్ద ప్రశ్న.

సరే, కెమెరా నుంచి పసుపు వైరు, తెలుపు వైరు తీసి, ఒక చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కకి పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ తెరిచాను. ఆడించాను. బొమ్మ నలుపు తెలుపుల్లో పైకీ కిందకీ దొర్లుతోంది. నా గుండె జారిపోయింది. ఇరవై ఐదేళ్ళు దాచి చివరికి టేపు పాడైపోయిందనుకున్నా.

టేపు బాగానే ఉంది. కెమెరా అమెరికాది, అదీ సంగతి. మన దేశంలో టీవీ పద్ధతి పాల్, అంటే సెకనుకి 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి దాదాపు 30. క్యాప్చర్ సెట్టింగులో వీడియో స్టాండర్డ్ అని ఉంటుంది, అది పాల్ మీద ఉంది. మార్చగానే రంగులొచ్చాయి. గురజాల స్టేషను, మా నాయనమ్మ ఆకుపచ్చ చీర, ట్రంకు పెట్టె మీద కూర్చున్న అక్క. మన తెలుగు ఇళ్ళలో అమెరికా బంధువులు తీసిన క్యాసెట్లు చాలా ఉంటాయి. మీకూ ఇలా దొర్లితే పారేయకండి.

కింద మూలన తేదీ, టైము పడ్డాయి. మే 11, రాత్రి 9:40. కానీ ప్లాట్‌ఫారం మీద పొద్దుటి ఎండ, పొడుగాటి నీడలు! బాబాయ్ గడియారం మార్చలేదన్నమాట. వేసవిలో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. 9:40కి తొమ్మిదిన్నర కలిపితే మే 12 పొద్దున్న 7:10. సరిపోయింది. పాత వీడియోల మీద తేదీని గుడ్డిగా నమ్మొద్దు, నీడలు కూడా చూడండి. ఇంకో గుర్తు కూడా ఉంది. రైలు పెట్టె మీద ఐదంకెల నంబరు ఉంటుంది కదా, దాంట్లో మొదటి రెండంకెలు సాధారణంగా ఆ పెట్టె తయారైన సంవత్సరం. 96తో మొదలైతే వీడియో 1996 కంటే ముందుది కాదు.

ఇప్పుడు బొమ్మ గురించి. కంప్యూటర్‌లో చూస్తే, పక్కకి వెళ్ళే రైలు అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. మీ క్యాప్చర్ చెడిపోయిందేమో అనుకోకండి. ఆ రోజుల్లో కెమెరా ఒక్కో ఫ్రేముని రెండు సగాలుగా తీసేది. ముందు బేసి గీతలు, క్షణం తర్వాత సరి గీతలు. ఆ మధ్యలో రైలు కొంచెం కదిలిపోతుంది. కంప్యూటర్ రెండు సగాలనీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి దువ్వెన వస్తుంది. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే పోతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో పెట్టేవాళ్ళు 'బాబ్' అనే ఆప్షన్ తీసుకోండి, అప్పుడు ప్రతి సగమూ ఒక పూర్తి ఫ్రేము అవుతుంది, రైలు సాఫీగా కదులుతుంది. కాకపోతే ఇవన్నీ కాపీ మీద చేయండి. మొదట క్యాప్చర్ చేసిన ఫైలు పదుల జీబీలు ఉన్నా సరే, దాన్ని ముట్టుకోవద్దు.

ఒక విషయం మాత్రం ఈ పాత కెమెరా మన ఫోన్ల కంటే బాగా తీసింది. కిటికీలోంచి తీసిన చోట చూడండి, కరెంటు స్తంభాలు నిటారుగా ఉన్నాయి. మీ ఫోన్‌తో రైలు కిటికీలోంచి తీస్తే అవే స్తంభాలు ఒరిగిపోయి కనిపిస్తాయి. ఫోన్ సెన్సరు బొమ్మని పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, కింది వరస దాకా వచ్చేసరికి స్తంభం జరిగిపోయి ఉంటుంది. పాత హ్యాండీక్యాముల్లో ఉన్న సీసీడీ సెన్సరు మొత్తం బొమ్మని ఒకేసారి పట్టేది. అందుకే నా పదమూడు వేల ఫోన్‌లో రైలు వంకర, ఆ పాతికేళ్ళ డబ్బాలో తిన్నగా ఉంది.

ఇక సౌండు. నాకు ఈ టేపులో అన్నిటికంటే ఇష్టమైంది అదే. మా లైను ముందు మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. 1990ల మొదట్లో బ్రాడ్ గేజ్ చేశారు, 1676 మిల్లీమీటర్లు. క్యాసెట్టులో ఉన్నది బ్రాడ్ గేజ్ బండే. కానీ పట్టాలు ఇంకా ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. టకటక, టకటక అని వినిపిస్తోంది కదా, అది చక్రం పట్టా అతుకు మీదుగా దాటే చప్పుడు. ఇప్పుడు పట్టాల్ని పొడవునా వెల్డింగ్ చేసేస్తున్నారు, మీలో చాలామందికి ఆ చప్పుడు సినిమాల్లోనే తెలుసు.

దాన్ని బట్టి బండి వేగం చెప్పొచ్చు. బ్రాడ్ గేజ్ పట్టా ఒక్కటి 13 మీటర్లు. 47 సెకన్లలో ఎన్ని "టకటక"లు వినిపిస్తే అన్ని కిలోమీటర్ల స్పీడు. ఎలా అంటే, గంటకి ఒక కిలోమీటరు వేగంతో పోతే 13 మీటర్లకి దాదాపు 47 సెకన్లు పడుతుంది. అంతే. నేను నడికుడి రాకముందు లెక్కపెట్టాను, 38 వచ్చాయి. అయితే మూడు పట్టాలు కలిపి అతికించిన చోట అతుకు 39 మీటర్లకి ఒకసారే వస్తుంది. ఆ లెక్కన చూస్తే స్పీడు 114 అవ్వాలి. మాచర్ల ప్యాసింజర్ 114 మీద పోయిందంటే మా నాన్న నవ్వుతాడు. కాబట్టి 38. పాత వీడియోలో మైకు పట్టుకున్న చప్పుడు నుంచి, ఇరవై ఐదేళ్ళ తర్వాత, ఆ పొద్దున బండి ఎంత వేగంతో పోయిందో తెలిసింది నాకు. షాపు వాళ్ళు పాట వేసింది సరిగ్గా దీని మీదే.

ఇక సొరంగాల దగ్గరికి వద్దాం.

ఒకటి గంట ఇరవై ఆరో నిమిషంలో మొదటిది వచ్చింది. స్క్రీన్ నల్లబడింది. బండి మోత ఒక్కసారిగా పెరిగింది. ఆ కెమెరాల్లో మైకు తనంతట తాను సౌండు తగ్గిస్తుంది, మోత ఎక్కువైతే మాటలు కూడా లోపలికి పోతాయి. అక్క ఏడుపు వినిపిస్తోంది, చిన్నగా. పక్కన ఇంకో గొంతు ఉంది. ఏమంటోందో అర్థం కాలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాపీ ఫైలు మీద కింది మోతని కొంచెం తగ్గించి, అదే ఇరవై సెకన్లు ఒక నలభై సార్లు విన్నాను.

(ఇక్కడ క్లిప్, స్క్రీన్ నల్లగా ఉంటుంది, ఫోన్ ఆగిపోయిందనుకోకండి)

"ఏడవమాకే. ఏడిస్తే లెక్క తప్పుద్ది. ఇది ఒకటి. వెలుతురు రానియ్యి, మళ్ళీ చీకటి పడితే రెండు."

అదీ మా తాతయ్య.

దాని తర్వాత ప్రతి సొరంగంలోనూ ఉన్నాడు. రెండు. మూడు. నాలుగో దాని నుంచి అక్క ఏడుపు ఆపి తనే అరుస్తుంది, ఆయన వెనకాల అంటాడు. తొమ్మిదిని ఎనిమిది అంటే సరిదిద్దుతాడు. ఒకచోట పెద్ద సొరంగం మధ్యలో నాయనమ్మ "మంచినీళ్ళ సీసా ఏదండీ" అంటే, "లెక్క మర్చిపోతాను, ఉండు" అంటాడు. ఇవన్నీ చీకటిలోనే. వెలుతురు వచ్చిన ప్రతిసారీ బాబాయ్ కెమెరాని లోయ వైపు తిప్పేశాడు. అరకు లోయ బ్రహ్మాండంగా తీశాడు, కాదనను. ఆ లోయని మీరు ఇప్పుడు ఫోన్‌లో వెతికినా దొరుకుతుంది. 2017 నుంచి విశాఖ–అరకు మధ్య అద్దాల పెట్టె నడుస్తోంది, విస్టాడోమ్, దాంట్లోంచి తీసిన వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, దీనికంటే వందరెట్లు స్పష్టంగా.

నాయనమ్మకి వినిపించాను. ఏడుస్తుందేమో అని అమ్మ పక్కనే కూర్చుంది. ఆమె హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని మొత్తం విని, తీసి, "ఆ రోజు ఈయనకి జలుబు రా. అసలు గొంతు ఇట్టా ఉండదు" అంది. మరి ఎట్టా ఉంటుంది అని అడిగితే చెప్పలేకపోయింది. మీ నాన్న గొంతు ఉంది కదా, దానికంటే కొంచెం పైకి, అంది. అంటే నా దగ్గర ఉన్నది జలుబు చేసిన తాతయ్య గొంతు. సరే. అది కూడా ఆయనదే కదా.

ఒక పిచ్చి పని కూడా చేశాను, చెప్పేస్తాను. ఏఐతో వీడియో క్వాలిటీ పెంచే యాప్ ఉంటుంది కదా, దాంట్లో తాతయ్య మొహం ఉన్న ముక్క వేశాను. బాగా నున్నగా వచ్చింది. పళ్ళు వరసగా వచ్చాయి. మా తాతయ్యకి ముందు పన్ను ఒకటి లేదు. యాప్ దాన్ని "బాగుచేసింది". అలా ఎవరి మొహమో తయారవుతుంది తప్ప మన మనిషి కాదు. డిలీట్ చేసేశాను. సరదాకి చేసుకుంటే మీ ఇష్టం, కానీ అది ఒరిజినల్ పక్కన ఉండాలి, ఒరిజినల్ స్థానంలో కాదు.

మీరు ఇప్పుడు తీస్తున్న వాటి సంగతి కూడా ఇంతే. రైలు వస్తుంటే అందరం ఫోన్ ఎత్తుతాం. పదిహేను సెకన్లు, పైన ఒక పాట, స్టేటస్. గ్యాలరీలో ఉన్నది తీసేస్తాం, స్టోరేజీ నిండిందని. మిగిలేది వాట్సాప్ నలిపేసిన కాపీ. పాట వేసుకోండి, తప్పేం లేదు. పాట లేని ఫైలు ఒకటి ఎక్కడైనా ఉంచండి. ఇంట్లో వాళ్ళకి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫారం మీద మీ వాళ్ళు ఊరికే మాట్లాడుకునే రెండు నిమిషాలు తీయండి. తలుపు దగ్గర వేలాడుతూ మాత్రం తీయకండి, ప్లీజ్.

ఇది నా సొంత తెలివేమీ కాదులెండి. లూమియేర్ సోదరులు ఫ్రాన్సులో తీసి 1896లో ప్రదర్శించిన సినిమా ఉంది, స్టేషన్లోకి రైలు రావడం, యాభై సెకన్లు. రైలు సినిమా అంటే ప్రపంచమంతా దాన్నే చెప్తారు. అది తీసింది లా సియోటా అనే ఊళ్ళో, అక్కడ వాళ్ళకి వేసవి ఇల్లు ఉండేది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ వాళ్ళలో వాళ్ళ ఇంటి మనుషులు కూడా ఉన్నారు. ఒక రకంగా అదీ సెలవుల్లో తీసుకున్న ఇంటి వీడియోనే.

మీలో పల్నాడు వాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట. గుంటూరు–మాచర్ల మీటర్ గేజ్ బండి వీడియో మీ ఇంట్లో ఏ పెళ్ళి క్యాసెట్టులోనైనా, ఒక్క నిమిషం ఉన్నా నాకు చెప్పండి. మా తాతయ్య ఎక్కువ రోజులు తిరిగింది దాంట్లోనే. టేపులో గురజాల ప్లాట్‌ఫారం మీద బాబాయ్‌తో ఆ చిన్న బండి గురించే ఏదో చెప్తున్నాడు, పక్కనే పల్లీలమ్మే అతని అరుపులో సగం పోయింది.

చివరిగా రెండో క్యాసెట్టు. మొదటిది సరిగ్గా ఇరవై మూడో సొరంగం తర్వాత అయిపోయింది. తాతయ్య "ఇరవై మూడు" అన్నాడు, వెలుతురు వచ్చింది, టేపు ఆగింది. మిగతా లెక్క దీంట్లో ఉంది. లేబులు మీద బాబాయ్ చేతిరాతతో "అరకు 2" అని ఉంది.

కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. ఈ చిన్న అద్దంలోంచి టేపు చుట్ట అంచు మీద తెల్లగా పొడిలా కనిపిస్తోందా? అది బూజు. దీన్ని ఇలాగే ఆడిస్తే బూజు కెమెరా హెడ్డుకి అంటుకుంటుంది, టేపు తెగినా తెగొచ్చు. బాబాయ్ "ఒకసారి పెట్టి చూడరా, ఏమవుద్ది" అంటున్నాడు. అక్క రోజూ ఫోన్ చేసి ఎన్ని దాకా లెక్కపెట్టామో తెలిసిందా అని అడుగుతోంది. నేను పెట్టలేదు. గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, నిలువుగా పెట్టి ఉంచాను. బూజు పట్టిన టేపుని విప్పి శుభ్రం చేసి కాపీ చేసేవాళ్ళు ఉన్నారు, ఇద్దరితో మాట్లాడుతున్నాను. ముందే ఒక షరతు చెప్పాను. నల్లగా ఉన్న చోటు కూడా, ఒక్క సెకను కట్ చేయకుండా, మొత్తం ఇవ్వాలి.